తెలిసిన జవాబే ఇంటర్వ్యూలో నోట రావడం లేదు, ధైర్యం ఎలా తెచ్చుకోవాలి?

వెన్నెలదారి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. ఆఫీసులో ఎవరికి లెక్క తేలకపోయినా నా సీటు దగ్గరికే వస్తారు. చెప్తాను, వాళ్ల పని అయిపోతుంది. అదే విషయం ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం నాలుక పిడచకట్టుకుపోతుంది. "మీ గురించి చెప్పండి" అనగానే గుండె దడ మొదలవుతుంది. పేరు, చదువు చెప్పాక ఇంకేం చెప్పాలో తోచదు. బయటికొచ్చాక జవాబులన్నీ వరసగా గుర్తొస్తాయి.

ఇంట్లోవాళ్లు, స్నేహితులు అందరూ చెప్పేది ఒకటే, "కాన్ఫిడెంట్‌గా ఉండు" అని. ఉండాలనే ఉంది. ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. రెండు వారాల్లో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. నాకు బాగా నచ్చిన ఉద్యోగం, చేజారనివ్వాలని లేదు. ఈ కొద్ది రోజుల్లో నిజంగా చేయగలిగినవి ఏమైనా ఉంటే చెప్పండి.

పాతకాపు

వెన్నెలదారి గారూ, నేను చాలా ఏళ్లుగా ప్యానెల్‌లో కూర్చుని ప్రశ్నలు అడుగుతున్నాను. మా వైపు నుంచి ఏం కనిపిస్తుందో ముందు చెప్తాను. మీ భయంలో కొంత అక్కడే తగ్గుతుంది.

గొంతు వణకడం, మొదటి జవాబులో తడబడటం మాకు కొత్త కాదు. ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా గ్లాసు ఎత్తినప్పుడు చెయ్యి వణకడం చూశాను. దానికి ఎవరమూ మార్కులు కొయ్యం. "మీ గురించి చెప్పండి" అని మొదలుపెట్టడమే ఎదుటి మనిషి కాస్త కుదురుకుంటారని. మమ్మల్ని నిజంగా ఇబ్బంది పెట్టేది ఏమిటంటే, మనిషికి పని వచ్చో రాదో తేల్చుకోలేని జవాబు. "నేను కష్టపడతాను, త్వరగా నేర్చుకుంటాను, టీమ్‌తో కలిసిపోతాను." వచ్చినవాళ్లు దాదాపు అందరూ ఇదే అంటారు. అది విన్నాక నా ముందున్న కాగితం మీద ఏం రాసుకోవాలి? ఏమీ ఉండదు.

అందుకని మీకొక పని. ఈ ఏడాదిలో మీరు పూనుకోకపోతే ఆగిపోయేది అనిపించిన పని ఒకటి ఇక్కడ రాయండి. ఇంటర్వ్యూ జవాబులా వద్దు, పక్క సీటువాళ్లకి చెప్పినట్టు రాయండి.

చిరుగాలి

నాకు తెలిసినంతలో చెప్తాను అక్కా (తమ్ముడో అన్నయ్యో అయితే ఏమీ అనుకోకండి). ఇంటర్వ్యూకి ముందు రెండు నిమిషాలు నడుం మీద చేతులు పెట్టుకుని, ఛాతీ విరుచుకుని నిలబడితే ఒంట్లో హార్మోన్లు మారి ధైర్యం వస్తుందట. "పవర్ పోజ్" అంటారు. ఒక వీడియోలో చూశాను, సైన్స్ కూడా ఉందన్నారు. అద్దంలో చూసుకుంటూ "నేను గెలుస్తాను" అని చెప్పుకోవడం కూడా మంచిది.

మనోవీధి

చిరుగాలి గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. ఆ పవర్ పోజ్ సంగతి తర్వాత ఏమైందో ఇక్కడ చెప్పడం అవసరం. నేను చదివింది సైకాలజీ.

ఆ పరిశోధన 2010లో వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్లు 42 మంది. 2015లో ఇంకో బృందం 200 మందితో మళ్లీ చేసి చూస్తే, అలా నిలబడినవాళ్లు కాస్త ధైర్యంగా అనిపించిందని చెప్పారు గానీ, హార్మోన్లలో మార్పేమీ కనిపించలేదు. 2010 నాటి వ్యాసానికి మొదటి రచయిత్రి అయిన డానా కార్నీ 2016లో తనకిక దాని మీద నమ్మకం లేదని బహిరంగంగా రాసింది. ఒళ్లు విరుచుకుంటే హాయిగా ఉంటే తప్పకుండా విరుచుకోండి. దాన్నే నమ్ముకుని మాత్రం వెళ్లొద్దు.

ఇంతకన్నా పనికొచ్చేది ఒకటుంది. మనకి టెన్షన్ వచ్చినప్పుడు అందరూ "కూల్‌గా ఉండు" అంటారు. గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు దాన్ని బలవంతంగా చల్లబరచడం చాలా కష్టం. ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఉపన్యాసం ఇవ్వబోయే ముందు కొందరి చేత "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనిపించింది, కొందరి చేత "నేను ఉత్సాహంగా ఉన్నాను" అనిపించింది. ఉత్సాహంగా ఉన్నామని చెప్పుకున్నవాళ్ల మాటే విన్నవాళ్లకి ఎక్కువ నమ్మకంగా, ఎక్కువ సమర్థంగా అనిపించింది. కారణం తేలికే. భయంలోనూ ఉత్సాహంలోనూ ఒంట్లో జరిగేది దాదాపు ఒకటే. అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె పరుగెడుతుంది. ఆ పరుగుని ఆపనక్కర్లేదు, దానికి మీరు పెట్టుకునే పేరు మారిస్తే చాలు.

ఇంకోటి. మన లోపలి గాభరా అంతా ఎదుటివాళ్లకి కనిపించిపోతోందని అనుకుంటాం. నిజానికి వాళ్లకి అందులో కొంచెమే కనిపిస్తుంది. కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ 2003లో ప్రచురించిన పనిలో, ఈ సంగతిని మాట్లాడబోయేవాళ్లకి ముందే చెప్పారు. అది తెలిసినవాళ్లు తెలియనివాళ్ల కన్నా మెరుగ్గా మాట్లాడారు. కాబట్టి ఇది చదివారు కదా, గుర్తుపెట్టుకోండి. మీ గుండె చప్పుడు మీకు వినిపించినంతగా బల్ల అవతలివాళ్లకి వినిపించదు.

వెన్నెలదారి

పాతకాపు గారూ, మనోవీధి గారూ, చాలా థ్యాంక్స్. చిరుగాలీ, అక్కనే. థ్యాంక్స్ అమ్మా.

పాతకాపు గారు అడిగినదానికి రాయడానికి కూర్చుంటే ఇవే వచ్చాయి: "నెలాఖరు పనులు టైముకి పూర్తి చేస్తాను. బ్యాంకు లెక్కలు సరిచూస్తాను. తప్పులు లేకుండా చేస్తాను. జూనియర్లకి సహాయం చేస్తాను." ఇందులో నేను లేకపోతే ఆగిపోయేదేమీ లేదండీ. మామూలు పనులే. మొన్నామధ్య ట్రయల్ బ్యాలెన్స్‌లో (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిపోయాయో లేదో చూసుకునే పట్టికలో) 2,700 తేడా వస్తే పట్టుకున్నాను గానీ, అది కూడా చెప్పుకోదగ్గ విషయమేం కాదు.

పాతకాపు

ఆగండి. ఆ 2,700 ఎలా పట్టుకున్నారు?

వెన్నెలదారి

అదా, చిన్న కిటుకు అండీ. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే, ఎవరో ఏదో సంఖ్యలో పక్కపక్క అంకెలు తారుమారు చేసి కొట్టి ఉంటారేమోనని మొదట అనుమానించాలి. 2,700ని 9తో భాగిస్తే 300. పైగా తేడా వందల్లో ఉంది కాబట్టి వేల, వందల స్థానాల్లోనే తారుమారై ఉండాలి. అంటే వాటి అంకెల మధ్య 3 తేడా ఉండాలి. 4-1, 5-2, 8-5 అలా. ఆ నెల ఎంట్రీల్లో అలాంటి సంఖ్యలున్నవి మాత్రం వడపోసి బిల్లులతో పోల్చి చూశాను. 5,800 బిల్లుని 8,500గా ఎక్కించారు. దొరికేసింది. అప్పటికి ఇద్దరు సాయంత్రం నుంచి మొదటి ఎంట్రీ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తున్నారు. మర్నాడు పొద్దున్న ఆడిటర్లకి పంపాలి. రాత్రంతా కూర్చోవాలనుకున్నారు, అరగంటలో అయిపోయింది. తర్వాత మొత్తం ఎక్కించేటప్పుడు రెండోసారి ఇంకొకరు చూసేలా ఒక పద్ధతి పెట్టాం.

పాతకాపు

వెన్నెలదారి గారూ, మీరు రాసింది ఇంకోసారి చదువుకోండి. దీన్ని "చెప్పుకోదగ్గ విషయం కాదు" అన్నారు. ఈ ఒక్క పేరా నా ఎదురుగా కూర్చుని చెప్పి ఉంటే, నా కాగితం మీద నాలుగు విషయాలు రాసుకునేవాణ్ణి. విషయం లోతుగా తెలుసు. గడువు తరుముకొస్తున్నా కంగారు పడకుండా ఆలోచిస్తారు. గుడ్డిగా వెతకరు, ఎక్కడ వెతకాలో ముందు తేల్చుకుంటారు. తప్పు దొరికాక వదిలెయ్యకుండా మళ్లీ రాకుండా చూస్తారు. ఇందులో ఒక్కటి కూడా మీరు నోటితో "నాకు ఫలానా గుణం ఉంది" అని చెప్పలేదు. అదే దాని బలం.

ఇంకొకటి గమనించారా? "అదా, చిన్న కిటుకు" అని మొదలుపెట్టాక ఎక్కడా తడబడలేదు. మీకు ధైర్యం లేదనుకుంటున్నారు గానీ, మీకు లేనిది విషయం. "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకి మీ దగ్గర విశేషణాలున్నాయి తప్ప సంఘటన లేదు. ఆ విశేషణాలు చెప్తున్నప్పుడు మీకే నమ్మకం కుదరదు, అందుకే గొంతు వణుకుతుంది. జరిగింది చెప్తున్నప్పుడు వణకదు.

దీన్ని ఇంటర్వ్యూకి తగ్గట్టు కొంచెం సర్దితే చాలు. నేనైతే ఇలా మొదలుపెడతాను: "ఆడిటర్లకి పంపాల్సిన ముందురోజు సాయంత్రం ట్రయల్ బ్యాలెన్స్‌లో 2,700 తేడా వచ్చింది. ఎంట్రీలన్నీ మొదటి నుంచి చూడాలనుకున్నారు. తేడా 9తో భాగింపబడుతోందని గమనించి, అంకెలు తారుమారయ్యాయని అనుమానించి, అలాంటి ఎంట్రీలు మాత్రం వేరుచేశాను." ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్యానెల్‌లో లెక్కలు తెలిసినవాళ్లుంటే ముందుకు వంగుతారు, చూడండి. తర్వాత ఫలితం, ఆ తర్వాత పెట్టిన పద్ధతి. మొత్తం ఒకటిన్నర నిమిషం దాటకూడదు. పరిస్థితి, మీ మీద పడ్డ బాధ్యత, మీరు చేసింది, చివరికి ఏమైంది. దీన్నే స్టార్ పద్ధతి అంటారు. పేరు గుర్తులేకపోయినా నష్టం లేదు. చేసింది అన్న భాగమే పెద్దగా ఉండాలి. చాలామంది పరిస్థితి వివరించడంలోనే సమయమంతా ఖర్చు చేసేస్తారు.

ఇలాంటివి ఇంకో నాలుగైదు వెతుక్కోండి. ఒకరితో అభిప్రాయభేదం వచ్చి సర్దుకున్నది, పని చెడి మళ్లీ దారిలో పెట్టింది, కొత్తది నేర్చుకుని చేసింది, ఒకరికి నేర్పింది. అడిగే ప్రశ్నలు ఎన్ని రకాలుగా ఉన్నా ఈ నాలుగైదు సంఘటనల్లో ఏదో ఒకటి అతుకుతుంది.

నెమ్మదిమాట

నాకు చిన్నప్పటి నుంచి నత్తి ఉంది. ఫోన్ ఎత్తడమే గండంగా ఉండేది, ఇంటర్వ్యూల సంగతి చెప్పక్కర్లేదు. నాకు పనికొచ్చినది చెప్తాను, నత్తి లేనివాళ్లకి కూడా ఉపయోగపడొచ్చు.

కూర్చోగానే ఒక్క వాక్యం చెప్తాను: "నాకు కొంచెం నత్తి ఉంది, కొన్ని మాటలకి సమయం పడుతుంది, మీరు ఆగితే చాలు." అంతే. దానికి క్షమాపణ చెప్పను, కథ చెప్పను. ఆ వాక్యం అన్నాక దాచాల్సింది ఏమీ మిగలదు. దాచుకోవడానికి ఖర్చయ్యే శక్తంతా జవాబుకి మిగులుతుంది. ఇంటర్వ్యూ ముందే హెచ్ఆర్‌కి రాసి కొంచెం ఎక్కువ సమయం అడిగిన సందర్భాలూ ఉన్నాయి, ఇచ్చారు కూడా. వినికిడి, చూపు, ఆరోగ్యం, ఏ ఇబ్బంది ఉన్నా అడగొచ్చు. అడగడం వల్ల తక్కువైపోతామని అనుకోకండి.

టెన్షన్ ఉన్నవాళ్లు కూడా "ఈ ఉద్యోగం నాకు ముఖ్యం, అందుకే కాస్త కంగారుగా ఉంది, ఒక్క క్షణం" అనొచ్చు. ఒకసారి అంటే చాలు. ప్రతి ప్రశ్నకీ "సారీ, నెర్వస్‌గా ఉంది" అంటూ ఉంటే మాత్రం వినేవాళ్ల ధ్యాస జవాబు మీద నుంచి దాని మీదకి పోతుంది.

ఎదురుగాలి

నాకు ఇదంతా చదువుతుంటే బాధగా ఉంది. ప్రతిసారీ అభ్యర్థినే మారమంటారు. కాన్ఫిడెన్స్ పెంచుకో, మాట నేర్చుకో, కూర్చునే పద్ధతి మార్చుకో. ప్యానెల్ సంగతి ఎవరూ అడగరు. ఫోన్ చూసుకుంటూ ప్రశ్న అడిగేవాళ్లని చూశాను. రెజ్యూమె చదవకుండా వచ్చి "మీరేం చేస్తారు?" అన్నవాళ్లని చూశాను. గలగలా మాట్లాడేవాళ్లకి ఉద్యోగం వస్తుంది, పని వచ్చినవాళ్లు ఇంటికి పోతారు. ఇందులో వెన్నెలదారి గారి లోపమేముంది?

పాతకాపు

మీ బాధ న్యాయమైనదే. మా వైపు తప్పులు చాలా ఉన్నాయి. సిద్ధం కాకుండా వచ్చే ప్యానెల్ ఎదుటి మనిషి కష్టాన్ని అవమానిస్తోంది. ఇది నేను మా వాళ్లతో కూడా అంటాను.

మనోవీధి

ఎదురుగాలి గారూ, మీరన్నదానికి ఆధారం కూడా ఉంది. ఉద్యోగుల ఎంపిక మీద 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలమానంతో జరిగే ఇంటర్వ్యూలు తర్వాతి పనితీరుని కొంత మెరుగ్గా అంచనా వేస్తాయి. నోటికొచ్చింది అడుగుతూ పోయే ఇంటర్వ్యూలు అంత బాగా వెయ్యవు. 2022లో సాకెట్, సహచరులు ఆ లెక్కల్ని సరిదిద్దారు. అందులో కూడా పద్ధతి ప్రకారం జరిగే ఇంటర్వ్యూలే ముందు వరసలో నిలిచాయి, కాకపోతే వాటి అంచనా శక్తి కూడా 0.42 దగ్గరే తేలింది. 1 అంటే తిరుగులేని అంచనా, 0 అంటే అసలు సంబంధమే లేదు. అన్నిటికన్నా మంచి కొలమానమే సగానికి ఇవతల ఉంది. కాబట్టి ఎవరైనా ఒక ఇంటర్వ్యూలో ఎంపిక కాలేదంటే, "నేను పనికిరాను" అని తేలినట్టు కాదు. ఇది ఓదార్పు కోసం చెప్తున్న మాట కాదు, ఆ కొలత అంతే నమ్మదగినది.

దీన్ని లోపలికి తీసుకుంటే ధైర్యానికి చాలా ఉపయోగం. ఒక్క గంటలో మన విలువంతా తేలిపోతుందనుకుంటే ఎవరికైనా గొంతు ఎండిపోతుంది.

ఎదురుగాలి

ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. థ్యాంక్సండీ.

మళ్ళీమొదలు

నాది ఇంకో రకం సమస్య, ఇక్కడే అడగనా? అమ్మకి ఆరోగ్యం బాగాలేక కొన్నేళ్లు ఉద్యోగం మానేశాను. ఇప్పుడు మళ్లీ వెతుకుతున్నాను. "ఈ గ్యాప్ ఏంటి?" అన్న ప్రశ్న వస్తుందేమోనని ఇంటర్వ్యూ మొదలైనప్పటి నుంచీ అదే భయం. మిగతా ప్రశ్నలు కూడా సరిగ్గా వినిపించవు.

పాతకాపు

మళ్ళీమొదలు గారూ, ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది. వస్తుందేమో అని భయపడటం మాని, వస్తుందని ఖాయం చేసుకుని జవాబు పెట్టుకోండి. రెండు వాక్యాలు. "మా అమ్మగారి ఆరోగ్యం కోసం ఆ కాలంలో పని ఆపాను. ఇప్పుడు ఆ బాధ్యత తీరింది, పూర్తి సమయం పనిచేయగలను." మూడో వాక్యం ఈ ఉద్యోగం వైపు తిప్పండి: ఈ మధ్య ఏం నేర్చుకున్నారు, ఏ సాఫ్ట్‌వేర్ మళ్లీ పట్టుకున్నారు. వివరాలు ఎక్కువ చెప్పకండి. మీరు తొణకకుండా చెప్తే అవతలివాళ్లు కూడా అక్కడితో ముందుకెళ్తారు. మీరు సంజాయిషీలా సాగదీస్తేనే వాళ్లకి అనుమానం పుడుతుంది.

ఒకవేళ బాధ్యత ఇంకా తీరకపోతే అబద్ధం చెప్పొద్దు. ఏ ఏర్పాటు చేసుకున్నారో అది చెప్పండి.

పలకబలపం

అందరూ బాగా చెప్తున్నారు. నాదొక సందేహం. జవాబులు రాసుకుని బట్టీ పట్టడం మంచిదా, చెడ్డదా? నేను అలాగే చేస్తాను. ఇంట్లో గడగడా వచ్చేస్తుంది. అక్కడ ప్రశ్న కాస్త మారిస్తే మొత్తం పోతుంది.

మనోవీధి

మాటలు బట్టీ పడితే మొదటి మాట జారగానే మొత్తం కూలుతుంది. వరస గుర్తుపెట్టుకోండి, మాటలు అప్పటికప్పుడు రానివ్వండి. ఒక్కో సంఘటనకి మూడు నాలుగు పొడి మాటలు చాలు. వెన్నెలదారి గారి సంఘటనకైతే "ఆడిట్ ముందురోజు, 9, 5,800, రెండో చూపు". ఇంతే రాసుకుని, కాగితం మూసేసి, పైకి చెప్పాలి.

పైకి చెప్పడం ముఖ్యం. మళ్లీ మళ్లీ చదువుతుంటే అన్నీ వచ్చేసినట్టే అనిపిస్తుంది, కానీ నిలవదు. రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ మిగిలింది. ఇంటర్వ్యూలో మనకి కావలసింది ఆ గుర్తుతెచ్చుకునే సామర్థ్యమే.

ఆ తర్వాత మెల్లగా మెట్టు పెంచుకుంటూ పోవాలి. మొదట ఒంటరిగా, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినడం. మన గొంతు మనకే నచ్చదు, అయినా వినాలి. తర్వాత ఇంట్లో ఒకరి ముందు. తర్వాత మనల్ని పెద్దగా ఎరగని వాళ్ల ముందు మాక్ ఇంటర్వ్యూ. స్నేహితుల ముందు చెప్పేస్తాం, పరాయివాళ్ల చూపు పడినప్పుడే అసలు తేడా తెలుస్తుంది. మన మీద మనకి నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో ఆల్బర్ట్ బందూరా 1977లో నాలుగు దారులు చెప్పాడు. మనం చేసి చూసింది, మనలాంటివాళ్లు చేస్తుంటే చూసింది, ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం, మన ఒంటి స్థితి. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిదే. "నువ్వు చేయగలవు" అని వందమంది అన్నా, ఒక్కసారి చేసినదానికి సాటిరాదు.

నెమ్మదిమాట

దీనికి ఒకటి కలుపుతాను. ఇంటర్వ్యూ మన భాషలో జరగకపోతే ప్రాక్టీస్ కూడా ఆ భాషలోనే పైకి చేయాలి. తెలుగులో ఆలోచన స్పష్టంగా ఉంటుంది, అక్కడికెళ్లి మాట కోసం వెతుక్కుంటాం. చిన్న చిన్న వాక్యాలు వాడండి. పెద్ద పెద్ద మాటల కోసం పోవద్దు. ప్రశ్న అర్థం కాకపోతే "మీరడిగింది ఇదేనా?" అని తిరిగి అడగడంలో తప్పు లేదు. అది శ్రద్ధగా వింటున్నట్టే లెక్క.

చిరుగాలి

వీడియో ఇంటర్వ్యూకి వేరే చిట్కాలున్నాయా? నాకు స్క్రీన్ మీద నా ముఖమే కనిపిస్తూ ఉంటుంది, దాన్నే చూస్తూ ఉండిపోతాను.

పాతకాపు

సెల్ఫ్ వ్యూ దాచేసే సౌకర్యం చాలా యాప్‌లలో ఉంది, దాచెయ్యండి. కెమెరా కంటి ఎత్తులో పెట్టండి. పొడి మాటలు రాసిన కాగితం కెమెరా పక్కనే అంటించుకోండి, చదవకండి. మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి వాళ్ల ప్రశ్న అయ్యాక ఒక క్షణం ఆగి మొదలుపెట్టండి. నెట్ పోతే ఫోన్ చేయడానికి నంబరు ముందే తీసుకోండి.

వెన్నెలదారి

ఇంకొక్క ప్రశ్న. ఇన్ని చేసినా మధ్యలో బుర్ర ఖాళీ అయిపోతే? నాకు అదే అన్నిటికన్నా పెద్ద భయం.

నెమ్మదిమాట

అవుతుంది. అయినప్పుడు ఏం అనాలో ముందే ఒక వాక్యం పెట్టుకోండి. "మంచి ప్రశ్న, ఒక్క నిమిషం ఆలోచించి చెప్తాను." లేదా "నేను మధ్యలో దారి తప్పాను, మళ్లీ మొదటి నుంచి చెప్తాను." తర్వాత గ్లాసు ఎత్తి ఒక గుక్క నీళ్లు తాగండి. మనకి ఆ మౌనం యుగంలా ఉంటుంది. వాళ్లు ఆ సమయంలో రాసుకుంటూ ఉంటారు.

మనోవీధి

ఊపిరి సంగతి కూడా. లోపలికి తీసుకోవడం కన్నా బయటికి వదలడం ఎక్కువసేపు చేస్తే గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు అలాగే పనిచేస్తుంది. బయట ఎదురుచూస్తున్నప్పుడు ముక్కుతో ఊపిరి తీసుకుని, దాని మీదే ఇంకాస్త పీల్చి, నోటితో నెమ్మదిగా పూర్తిగా వదలండి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకి 5 నిమిషాల చొప్పున నెలరోజులు ఇలా చేసినవాళ్లకి మనసు తేలికపడింది. కాబట్టి ఆ రోజే కాదు, ఇవాళే మొదలుపెట్టండి.

ముందురోజు రాత్రి భయాలు వదలకపోతే వాటిని కాగితం మీద పెట్టండి. రామిరెజ్, బైలాక్ 2011లో పరీక్ష ముందు 10 నిమిషాలు తమ భయాలు రాసుకున్న విద్యార్థులకి మార్కులు పెరిగాయని చూపించారు. అది పరీక్షల మీద జరిగింది గానీ, బుర్రలో తిరుగుతున్నవి కాగితం మీదకి చేరితే కొంత చోటు ఖాళీ అవుతుందన్నది ఇక్కడా ప్రయత్నించి చూడదగ్గదే.

ఒక్కమాట. ఇంటర్వ్యూలకే కాకుండా నలుగురిలోకి వెళ్లాలన్నా, ఫోన్ ఎత్తాలన్నా ఇలాగే ఉండి, నిద్ర, తిండి చెడుతుంటే, చిట్కాలతో సరిపెట్టుకోవద్దు. సైకాలజిస్టుని కలవండి. దానికి మంచి చికిత్సలున్నాయి.

వెన్నెలదారి

ఇంటర్వ్యూ అయింది. అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

మాక్ ఇంటర్వ్యూ మా ఆఫీసు వాళ్ల స్నేహితురాలితో చేశాను, ఆవిడ నన్ను అంతకుముందు చూడలేదు. అదే ఎక్కువ పనికొచ్చింది. అసలు రోజు గొంతు వణికింది. వణుకుతూనే 2,700 సంగతి మొదలుపెట్టాను. ప్యానెల్‌లో ఒకాయన "తేడా 9తో భాగింపబడినా తారుమారు కాకపోతే?" అని అడిగారు. అప్పుడు నేను ఇంటర్వ్యూలో ఉన్నానన్న సంగతే మరిచిపోయి, అంకె జరిగిపోయినా అలాగే వస్తుందని, 300 బదులు 3,000 కొడితే తేడా సరిగ్గా 2,700 అవుతుందని చెప్పాను. ఇద్దరం దాని గురించే కాసేపు మాట్లాడుకున్నాం.

వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ నాకు రాదు. "అది వాడలేదు, ఇంకోదానిలో ఇదే పని చేశాను, నేర్చుకోవడానికి కొంత సమయం పడుతుంది" అన్నాను. ఒకచోట బుర్ర ఖాళీ అయింది కూడా, నెమ్మదిమాట గారి వాక్యమే వాడాను. ఫలితం ఇంకా తెలియదు. జీతం ఎంత కావాలన్నారు, అక్కడ మాత్రం నీళ్లు నమిలాను. రెండో రౌండుకి పిలిస్తే దానికేం చెప్పాలి?

పాతకాపు

మీరు లెక్కల మనిషి, ఇది కూడా లెక్కే. మీ పనికి బయట ఎంత ఇస్తున్నారో ముందు కనుక్కోండి. మీకు సరిపోయే కనీస మొత్తం ఒకటి, న్యాయంగా రావాల్సింది ఒకటి కాగితం మీద రాసుకోండి. అడిగినప్పుడు రెండోది చెప్పండి, చెప్పి ఆగిపోండి. దాని వెనకే "కొంచెం అటూ ఇటూ అయినా పర్వాలేదండీ" అని మీరే తగ్గించకండి. వాళ్ల మాట వచ్చేదాకా ఆగండి. ఈ ఒక్క జవాబుని రికార్డు చేసుకుని వినండి, చివర గొంతు తగ్గుతోందేమో చూసుకోండి.

మీరు అడగాల్సినవి కూడా రెండు రాసుకెళ్లండి. నెలాఖరు పని ఎంతమంది మీద ఉంటుంది, చేరినవాళ్లు మొదటి మూడు నెలల్లో ఏం చేసి చూపించాలని అనుకుంటున్నారు. ఆ ఉద్యోగం మీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవాల్సింది మీరే.

మళ్ళీమొదలు

వెన్నెలదారి గారూ, నాకూ వచ్చేవారం ఒకటి ఉంది. మీకు వీలైతే ఒకరికొకరం మాక్ ఇంటర్వ్యూ చేసుకుందామా? నన్ను గ్యాప్ ప్రశ్న రెండు మూడు రకాలుగా తిప్పి అడగండి. మిమ్మల్ని జీతం దగ్గర నేను వదలను.

వెన్నెలదారి

తప్పకుండా. ఆదివారం పొద్దున్న నాకు కుదురుతుంది. మీ రెజ్యూమె మెసేజ్‌లో పెట్టండి, చదివి వస్తాను.